సముద్రం కర్నూలుకు మరీ దూరమేం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

బీచ్‌లు శుభ్రం చేస్తున్న ఫొటోలు పేపర్లో వచ్చినప్పుడల్లా మా వైపు వినిపించే మాట ఒకటే, "మనకు సముద్రం ఎక్కడుంది, అది వైజాగ్ వాళ్లు చూసుకుంటార్లే" అని. తీరం లేకపోవచ్చు గానీ మన చెత్త సముద్రానికి పోవడానికి దారులు మాత్రం రెండున్నాయి. హంద్రీలో పడేసింది ఊరి దగ్గరే తుంగభద్రలో కలిసి, అక్కడి నుంచి కృష్ణలోకి, శ్రీశైలం జలాశయంలోకి చేరి, డ్యాములు దాటినంత మేరకు కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా పోతుంది. కేసీ (కర్నూలు-కడప) కాల్వలో పడేసింది నంద్యాల, కడప వైపు సాగి కుందూ, పెన్నాల మీదుగా నెల్లూరు జిల్లాలో సముద్రంలో తేలుతుంది.

మధ్యలో డ్యాములు ఆపేస్తాయి కదా అంటారు కొందరు. కొంత ఆపుతాయి, నిజమే, కానీ ఆగినదంతా మన తాగునీళ్లలోనే, రైతు మడిలోనే ఉంటుంది కదండీ! మిగిలింది వరద కోసం కాచుకుని ఉంటుంది. ఎండాకాలంలో హంద్రీ ఒడ్డున కంపచెట్లకు వేలాడే కవర్లు ఒక్క గట్టి వాన పడితే ఎటు పోతాయో వేరే చెప్పాలా? జనవరి, మార్చి మధ్య ఆలివ్ రిడ్లీ తాబేళ్లు కృష్ణా తీరం ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. సముద్ర తాబేళ్లకు జెల్లీ ఫిష్ ఆహారం, నీళ్లలో తేలే పల్చటి కవరు వాటికి అలాగే కనిపించి మింగేస్తాయి.

నాకు ఎక్కువ బాధ అనిపించేది వంతెన మీద బండి ఆపి పూజ పూల కవరు విసిరేసేవాళ్లను చూస్తే. దేవుడి పూలు కాళ్ల కింద పడకూడదన్న భక్తిని నేనేమీ అనను, మా ఇంట్లోనూ అదే పట్టింపు. కానీ ముడి కూడా విప్పకుండా గిరాటేస్తే పూలు లోపలే కుళ్లిపోతాయి, గంగమ్మకు అందేది ప్లాస్టిక్కే. ఇంట్లో కుండీలోనో, వేపచెట్టు మొదట్లోనో పోస్తే మెల్లగా మట్టిలో కలుస్తాయి. పాత దేవుడి పటాలైతే అద్దంతో సహా నీళ్లలో వేస్తున్నారు, రేపు అక్కడే ఎవరి పిల్లాడో ఈతకు దిగుతాడు.

వినాయక చవితి సంగతీ అంతే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మట్టి బొమ్మ నీళ్లలో కరుగుతుంది, ఇది అంత సులువుగా కరగదు, పైన పూసిన రంగులు వేరే. వినాయక ఘాట్ దగ్గర నిమజ్జనం రోజు ఎవరూ ఎవరినీ ఆపలేరు, ఆపాల్సింది చందా కోసం గడప ఎక్కినప్పుడే. "మట్టి వినాయకుణ్ణి పెడితేనే చందా" అని వీధిలో పది ఇళ్లవాళ్లు అంటే కుర్రాళ్లు వింటారు, వాళ్లకు డబ్బులు కావాలి మరి.

ఉగ్గాని బజ్జీ పార్శిల్‌కు ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్లడానికి ఎందుకో మనకు నామోషీ. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులకు 2022 డిసెంబర్ 31 నుంచే నిషేధం ఉంది, అయినా దొరుకుతున్నాయంటే మనం ఉత్త చేతులతో వెళ్తున్నాం కాబట్టే. కాగిన నూనె సింకులో పారబోయడం, మిగిలిన మాత్రలు బాత్రూంలో వేసేయడం కూడా మానుకోవచ్చు, పెద్ద కష్టమేం కాదు. రైతన్నలకు ఒక్క మాట: మందు కొట్టిన స్ప్రేయర్ ట్యాంకును కాల్వలో కడగొద్దు. ఆ నీళ్లను మన గొడ్లే తాగుతాయి, చేపలకైతే కొద్దిపాటి మందు చాలు చావడానికి.

ఇక మీకో విన్నపం. మట్టి విగ్రహాల గురించి వార్తలు ఏటా పండగ వారంలోనే వస్తాయి, అప్పటికే మండపాల వాళ్లు బొమ్మలకు అడ్వాన్సులు కట్టేసి ఉంటారు. ఈసారి ఒకట్రెండు నెలల ముందే రాయండి, కుదిరితే మట్టి బొమ్మలు చేసేవాళ్లు మన జిల్లాలో ఎక్కడెక్కడ ఉన్నారో కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కర్నూలు