"కడిగించొద్దు" అన్న స్కాన్ మేడమ్‌కు, ఇంకా కొందరికి

నిన్న బీటా హెచ్‌సీజీ రిపోర్టు వచ్చింది, రక్తంలో గర్భం హార్మోన్ ఎంతుందో చూసే పరీక్ష అది. 5 కంటే తక్కువ, అంటే ఆ గర్భం ఆనవాలు పోయినట్టే. ఏడు వారాలుగా ప్రతి సోమవారం రక్తం ఇచ్చి ఇచ్చి మోచేతి దగ్గర కమిలిపోయింది. ఇక సూది లేదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా పాప మూడేళ్ల కిందట ఆపరేషన్‌తోనే పుట్టింది. మా తెలంగాణలో అదేం వింత కాదు, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. మళ్లీ నెల తప్పాక ఆరో వారంలో కొంచెం బ్లీడింగ్ కనిపించింది. చూపించుకున్న చోట "అబార్షన్ అవుతోంది, రేపు పరగడుపున రండి, క్లీన్ చేసేద్దాం" అన్నారు. వాళ్ల పేరు చెప్పను. కోపం లేదని అబద్ధమూ చెప్పను.

మా ఆడపడుచు ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే ఇంకోచోట లోపలి స్కాన్ చేయించింది. ఆ మేడమ్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్క్రీన్ నావైపు తిప్పి వేలితో చూపించారు. గర్భసంచి పైభాగమంతా ఖాళీ. పిండం కింద, పాత కుట్ల గాడిలో ఇరుక్కుని ఉంది. దానికీ మూత్రాశయానికీ మధ్య గోడ 2 మిల్లీమీటర్లే. "ఇక్కడ గుడ్డిగా గీకితే రక్తం ఆగదమ్మా, గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. కడిగించొద్దు, రాత్రికే హైదరాబాద్ వెళ్లు" అని, అక్కడి డాక్టర్‌కు తనే ఫోన్ చేశారు.

గుండె కొట్టుకుంటోంది కదా, ఉంచలేమా అని అడిగాను. హైదరాబాద్ మేడమ్ విసుక్కోలేదు. మంచం మీద పక్కన కూర్చుని, మాయ (ప్లాసెంటా) గర్భసంచి గోడలోకి పాకిపోతుందని, గర్భసంచి చిరిగితే నా ప్రాణానికే ముప్పని చెప్పి, ఏడవనిచ్చారు. మర్నాడు స్కాన్‌లో చూస్తూ సూదితో పిండం సంచిలోకే, ఎదుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ అనే మందు ఎక్కించారు. కొన్ని రోజులయ్యాక, మళ్లీ స్కాన్ చూస్తూనే, మెల్లగా సక్షన్‌తో తీసి, రక్తం ఆగడానికి లోపల చిన్న బెలూన్ పెట్టారు. కడుపు కొయ్యలేదు. గర్భసంచి నాతోనే ఉంది.

సిస్టర్‌ను మర్చిపోతే పాపం. మొదటి రోజే నా బ్యాగు వెతికి ఫోలిక్ యాసిడ్ షీటు తీసేసింది. అది వేసుకుంటే ఈ మందు పని తగ్గుతుందట. అప్పటిదాకా నేను అలవాటుగా రోజూ వేసుకుంటూనే ఉన్నాను!

నాది ఓ నెగెటివ్. రెండు యూనిట్లు సిద్ధంగా ఉంచమన్నారు. మా ఆయన వాట్సాప్‌లో పెడితే, ముఖం ఎరగని ఇద్దరు తమ్ముళ్లు వచ్చారు, ఒకతను సంగారెడ్డి నుంచి బైక్ మీద వర్షంలో తడుస్తూ. ఆ రక్తం నాకు ఎక్కించే పని పడలేదు. సక్షన్ రోజు కళ్లు మూసుకుని మత్తు కోసం ఎదురుచూస్తున్నప్పుడు, అది పక్క గదిలో ఉందన్న ధైర్యం మాత్రం పనికొచ్చింది. తమ్ముళ్లూ, మీ పేర్లు రాయొద్దన్నారు, రాయట్లేదు.

అన్ని రోజులూ పాపకు అన్నం తినిపించి, అమ్మేదని అడిగితే వీడియో కాల్ చేయించిన అత్తమ్మకు ఇక్కడ రాస్తే సరిపోదు, ఆ లెక్క ఇంట్లో తేల్చుకుంటాం.

ఈరోజు స్వీటు డబ్బా పట్టుకుని స్కాన్ మేడమ్ దగ్గరకు వెళ్లాను. బయట పదిమంది లైన్లో ఉన్నారు. "డబ్బా తర్వాత, ముందు రిపోర్టు చూపించు" అన్నారు. చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, "మందు పడింది కాబట్టి మూడు నెలల్లోపు మళ్లీ గర్భం అసలే వద్దు, ఏడాది ఆగితే ఇంకా మంచిది. మళ్లీ పాజిటివ్ వస్తే మాత్రం ఆరో వారం దాటకుండా నా దగ్గరుండాలి" అని, తలుపు వైపు చూసి తర్వాతి పేరు పిలిచారు.