రజితకు బాపు రాసేది

బిడ్డా రజితా,

సంపత్ రేపు పొద్దున తాడ్వాయి దాకా పోతున్నాడంటే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా. డబ్బాలో మామిడికాయ తొక్కు ఉంది. మూత మీ అమ్మ గట్టిగా బిగించింది. ఎర్రావు ఈనింది, కోడెదూడ. పెద్దబావి మోటరు మళ్లీ కాలింది.

మొన్న రాజన్న ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. రాత్రిపూట గుట్ట చుట్టూ దండ వేసినట్టు మంట. ఏ అడవో, ఎప్పటిదో తెలియదు. "మీ బిడ్డ ఉండేది ఆ దిక్కే కదా" అన్నాడు. నేనేం టెన్షన్ పడలేదు. మీ అమ్మే సరిగ్గా తినడం లేదు.

అడవి అంటుకుంటే శాటిలైట్ పట్టి మీ ఫారెస్టోళ్ల ఫోన్లకు మెసేజ్ పంపుతుందని నువ్వే చెప్పావు. నీ దగ్గర నుంచి మాకు మెసేజ్ రాక తొమ్మిది రోజులు. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి కొండాయి మునిగినప్పుడూ ఇంతే. బియ్యం మూటలు మోశానని తర్వాత చెప్పావు. మంచి పనే చేశావు బిడ్డా, కానీ ఆ మూడు రోజులు ఈ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

డ్యూటీలో నూలు బట్టలే వేసుకో. పాలిస్టర్ వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎండాకులు ఊదే బ్లోయర్ నడుస్తుంటే వెనక నుంచి కేకేసినా వినపడదు, ఒకరిని చూస్తూ ఉండమను. మంట ఎగువకు ఉరుకుతుంది, దానికంటే పైన నిలబడొద్దు. 2024 ఆగస్టు 31న సుడిగాలికి మీ అడవిలో వేల చెట్లు పడ్డాయి కదా, ఆ మొద్దులు ఇంకా ఉంటే జాగ్రత్త. పైన బూడిదే కనిపిస్తుంది, లోపల నిప్పు రాజుకుంటుంది. అరచేతి వెనక వైపు దగ్గర పెట్టి చూడనిదే వదిలి రావద్దు. ఇవన్నీ మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. అయినా చెప్తున్నా.

మీ బాపమ్మ సంగతి ఒకటి నీకు చెప్పలేదు. ఆమె బతికుండగా చెప్పనీయలేదు. అప్పుడు నాకు పదేళ్లు. పాకాల దిక్కు మన చెలక పక్కన రెండు ఇప్పచెట్లు ఉండేవి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, ఎండాకుల్లో పడితే ఏరలేం. అందుకని ముందురోజే చెట్టు కింద ఆకు ఊడ్చి కాల్చేవాళ్లు. ఊరంతా చేసేదే. ఆ సాయంత్రం ఆమె కుప్పకు అగ్గి పెట్టి, నన్ను చూస్తుండమని నీళ్లకు పోయింది. నేను ఎటూ పోలేదు బిడ్డా, చూస్తూనే ఉన్నా. గాలి మళ్లింది. ఒక్క ఆకు, అంచు ఎర్రగా, లేచి బోదగడ్డిలో పడింది. మోదుగ కొమ్మ విరిచి కొట్టా. కొట్టినకొద్దీ రవ్వలు ఎగిరి పక్కన అంటుకుంది. ఆమె బిందెతో వచ్చేసరికి మంట గుట్ట మీద ఉంది. మూడు రోజులు కాలింది. తర్వాత పోయి చూస్తే బూడిదలో కౌజుపిట్ట గుడ్లు, ఐదు, నల్లగా, పగలకుండా. ఆమె వాటిని కొంగులో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ ఏడు పువ్వు ఏరలేదు.

అందుకే చెప్తున్నా, అగ్గి పెట్టినోళ్లంతా దొంగలు కాదు. తునికాకు చిగురు కోసం పెట్టేవాళ్లకూ ఇంట్లో పిల్లలు ఉంటారు. గూడేల్లో ముందు కూర్చుని మాట్లాడు, కేసు మాట తర్వాత. ఆకు కాల్చే పని లేకుండా ఇప్పచెట్ల కింద పాత చీరలు పరిపిస్తున్నామని పోయినసారి చెప్పావుగా. మీ అమ్మ ఆరు చీరలు ఉతికి మూట కట్టింది, సంపత్ తెస్తాడు. అంచు చినిగిన నీలం చీర కూడా అందులోనే ఉంది, నువ్వు చిన్నప్పుడు ఉయ్యాల ఊగింది. దాన్ని పరచొద్దు, నీ దగ్గరే పెట్టుకో అంది.

సిగ్నల్ ఉన్న చోటికి వచ్చినప్పుడు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు. మాట్లాడే తీరిక లేకున్నా సరే. రాత్రి ఎంతయినా ఫోన్ నా తలగడ కిందే ఉంటుంది.

నీ బాపు