బుజ్జమ్మా, పవర్ స్టీరింగ్ సంగతి తర్వాత చూద్దాం

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, బండిని నేలకి దించే పొట్టి స్ప్రింగులు, వెడల్పు చక్రాలు, అన్నీ. సంక్రాంతికి 25,000 దాచుకుని వచ్చి తాతయ్య ఫియట్‌ని బాగుచేయిస్తానన్నావు, ఆ మాట అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. కానీ ఆ డబ్బు వాటి మీద పెట్టకమ్మా.

పోయిన ఆదివారం పాలకొల్లు నుంచి రాజోలు వెళ్తుంటే చించినాడ వంతెన మీద ఎదురుగా రొయ్యల లారీ వచ్చింది. కాస్త ఎడమకి తీద్దామని తిప్పితే, స్టీరింగ్ రెండంగుళాలు తిరిగాక గానీ చక్రం కదల్లేదు. ఏమీ కాలేదు, కంగారు పడకు. కానీ దిండి దగ్గర బండి పక్కకి ఆపి చాలాసేపు కూర్చుండిపోయాను, రేపు ఇందులో నువ్వు ఒక్కదానివే వెళ్తావు కదా అని.

ఇంటికొచ్చి మేస్త్రిని పిలిచి ముందు చక్రాలు పైకి లేపాం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కు టక్కుమంటోంది. అప్పుడు నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. బ్రేకు తొక్కగానే ఆ ఊగడం ఆగిపోతే బేరింగ్ వదులైనట్టు, తొక్కినా ఊగుతుంటే కింగ్ పిన్, అంటే ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన నిలువు ఇనుప కడ్డీ, అరిగినట్టు. మనది కింగ్ పిన్నే, ఎడమవైపు మరీ ఎక్కువ. తర్వాత బండి నేల మీద ఉండగా నేను స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తుంటే అతను కింద చూస్తూ ఏ జాయింటు ఆలస్యంగా కదులుతోందో పట్టుకున్నాడు. స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే కడ్డీల చివరి కీళ్లు, అంటే టై రాడ్ ఎండ్లు, రెండూ పోయాయి, ఆ కడ్డీల రెండో పక్కని మోసే ఐడ్లర్ ఆర్మ్‌లోని బుష్ (లోపలి గొట్టం) కూడా పోయింది. స్టీరింగ్ తిప్పుడుని ఆ కడ్డీలకి మళ్లించే గేర్ల పెట్టె, అదే స్టీరింగ్ బాక్స్, దాని వంతు వీటన్నిటి తర్వాతే. చాలామంది ముందే దాని మీది స్క్రూ బిగించేస్తారు, అది తప్పు. బండి ఎక్కువగా నేరుగానే పోతుంది కాబట్టి లోపల మధ్యభాగమే అరుగుతుంది, అక్కడ ప్లే, అంటే వదులు, మొత్తం పోయేదాకా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది, తిప్పిన స్టీరింగ్ వెనక్కి రాదు.

ఇప్పుడు చెప్పు, ఇలాంటి బండికి పవర్ స్టీరింగ్ పెడితే ఏమవుతుంది? చేతికి తేలికవుతుంది, ప్లే మాత్రం అలాగే ఉంటుంది.

తాతయ్య ఉన్నప్పుడు నెలకోసారి గ్రీజు గన్ తీసుకుని బండి కిందకి దూరేవారు, గుర్తుందా? పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టేవారు. ఆయన పోయాక నేను ఆ పని వదిలేశాను. గ్రీజు ఎక్కించే నిపుల్స్‌లో బురద గట్టిపడిపోయింది, కింగ్ పిన్ అరిగింది అందుకే, ఆ తప్పు నాది.

వెనక స్ప్రింగుగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండే కమాన్ పట్టీలు కూడా విప్పాలి. రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీళ్లు రోడ్డంతా ఉంటాయి కదా, పట్టీల మధ్య తుప్పు పేరుకుని అవి ఒకదాని మీద ఒకటి జారడం మానేశాయి, నడుముకి తగిలే దెబ్బ అదే. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, విరిగిన పట్టీ ఉందేమో చూసి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు పూసి బిగిస్తే సగం బాధ తీరుతుంది. ఖర్చు ఎక్కువ చేతిపనికే. రబ్బరు బుష్‌లు మాత్రం కొత్తవి వెయ్యాలి, వాటి బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందకి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ఈ మాట మేస్త్రికి నేనే గుర్తుచేస్తాను.

పొట్టి స్ప్రింగులు మన దారులకి అస్సలు వద్దు. కాలువ గట్టు రోడ్లు ఎక్కడికక్కడ కుంగి ఉంటాయి, స్ప్రింగు అణగడానికి చోటు లేకపోతే ప్రతి గుంత దెబ్బా నేరుగా బాడీకే. వెడల్పు చక్రాలు వేస్తే స్టీరింగ్ ఇంకా బరువెక్కుతుంది.

మిగిలిన డబ్బు టైర్లకి పెట్టు. ఇప్పుడున్నవాటి పక్కన 2316 అని ఉంది, అంటే 2016లో 23వ వారంలో తయారైనవి. పైకి గీతలు బాగానే ఉన్నాయి గానీ రబ్బరు రాయిలా అయింది. కొంటే నాలుగూ ఇప్పటి రకమైన రేడియల్‌వే కొందాం, పాత రకంతో కలపకూడదు. షాకబ్జర్లు కూడా జతగానే మార్చాలి, ముందు రెండూ లేదా వెనక రెండూ. మూల పట్టుకుని కిందకి నొక్కి వదిలితే ఒక్క ఊపుకి నిలబడాలి, మన వెనకవి మూడు ఊపులు ఊగుతున్నాయి. అలైన్‌మెంట్, అంటే చక్రాలు నేరుగా ఉండేలా సరిచేయించడం, అన్నిటికన్నా ఆఖర్న, వదులు జాయింట్ల మీద చేయిస్తే ఆ డబ్బు వృథా.

నువ్వు కూడా కిందకి దూరి చూస్తానంటావు, తెలుసు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు, ఇటుకలు అసలు పెట్టకు. నేను మంచి స్టాండ్లు రెండు కొని ఉంచాను.

కింగ్ పిన్ సెట్లు ఇక్కడ దొరకలేదు. పాతదాని ఫొటో, కొలతలు రాత్రికి పంపుతాను, హైదరాబాద్‌లో దొరికితే బుష్‌లతో సహా రెండు సెట్లు తీసుకురా. బుష్‌ల రంధ్రం పిన్‌కి సరిపోయేలా రీమర్ కొట్టించడానికి ఇక్కడి లేత్ అతనితో మాట్లాడాను, భోగికి ముందు రోజు ఖాళీగా ఉంటానన్నాడు.

నాన్న