మెయిల్ మోసాలకు ఎస్‌పీఎఫ్ ఒక్కటే పెడితే సరిపోదు

సంపాదకులకు,

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులు, రాజాం, విజయనగరం జూట్ మిల్లుల వాళ్లు సొంత డొమైన్‌తో మెయిల్ వాడుతుంటే ఇది వాళ్ల కోసమే. "మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇందులో వేయండి" అని మీ చిరునామాతోనే మీ కొనుగోలుదారుకు మెయిల్ వెళ్లొచ్చు. అందుకు మీ పాస్‌వర్డ్ దొంగిలించక్కర్లేదు. 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాసేసుకోవచ్చు.

దీన్ని ఆపడానికి డీఎన్‌ఎస్‌లో, అంటే మీ డొమైన్ వివరాలు అందరికీ కనిపించేలా ఉంచే ఇంటర్నెట్ పట్టికలో, పెట్టే టెక్స్ట్ రికార్డులకు పైసా ఖర్చు లేదు. ఎస్‌పీఎఫ్ అంటే మీ తరఫున మెయిల్ పంపే సర్వర్ల జాబితా. మెయిల్‌కు ఒకటి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇంకొకటి పెడితే రెండూ చెల్లవు, ఒకే రికార్డులో కలపాలి. దాన్ని సరిచూడటానికి డీఎన్‌ఎస్‌లో వెతకాల్సినవి (లుకప్‌లు) 10 దాటినా చెల్లదు.

అది పెట్టేసి నిశ్చింతగా ఉండేవాళ్లతోనే చిక్కు. ఎస్‌పీఎఫ్ చూసేది లోపలి రిటర్న్ పాత్‌ను (చేరని మెయిల్ తిరిగి వెళ్లే చిరునామాను), పైకి కనిపించే ఫ్రమ్‌ను కాదు. మోసగాడు లోపల తన డొమైన్, పైన మీ పేరు పెడితే ఎస్‌పీఎఫ్ దర్జాగా పాసవుతుంది! పైగా మెయిల్ ఫార్వర్డ్ అయితే అసలైనది కూడా ఎస్‌పీఎఫ్‌లో తప్పుతుంది. అక్కడ నిలబడేది డీకిమ్, అంటే మెయిల్‌తో పాటే వెళ్లే మీ డొమైన్ డిజిటల్ సంతకం. ఆ సంతకానికి 2048 బిట్ల కీ తీసుకోండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో అయితే కీని డీఎన్‌ఎస్‌లో పెట్టాక మళ్లీ వచ్చి 'స్టార్ట్ అథెంటికేషన్' నొక్కాలి, లేకపోతే మీ డొమైన్ సంతకం పడదు.

ఈ రెంటిలో ఒకటైనా పాసై, ఫ్రమ్‌లోని డొమైన్‌తో కలవాలనేది డీమార్క్. రికార్డు పేరు 'అండర్‌స్కోర్ డీమార్క్' (_dmarc) వరకే రాయండి. డొమైన్ మొత్తం టైపు చేస్తే చాలా డీఎన్‌ఎస్ ప్యానెళ్లు (రికార్డులు రాసే పేజీలు) దాన్ని మరోసారి తగిలిస్తాయి. రికార్డు మీ కంటికి కనిపిస్తుంది గానీ వెతికే సర్వర్‌కు దొరకదు. పాస్ కాని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే పాలసీని మొదట 'నన్'లో (ఏమీ చేయొద్దు) ఉంచి, రిపోర్టులకు ఒక మెయిల్ ఐడీ ఇచ్చి, కొన్ని వారాలు చూడండి. వెబ్‌సైట్ ఫారం, ఇన్‌వాయిస్‌లు పంపే సర్వీసు లాంటి మరిచిపోయినవన్నీ అందులో బయటపడతాయి. వాటిని సరిచేశాక 'క్వారంటైన్' (స్పామ్‌లో పడేయడం), ఆ తర్వాత 'రిజెక్ట్' (తిప్పికొట్టడం). తొలిరోజే రిజెక్ట్ పెడితే మీ బిల్లులే ఆగిపోవచ్చు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు పంపేవాళ్లకు డీమార్క్ ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పట్టుబట్టింది, పెద్ద ఎత్తున పంపేవాళ్లకు యాహూ కూడా అదే పెట్టింది. ఆ షరతుకు నన్ చాలు. అక్కడితో ఆగితే దొంగ మెయిల్‌కు అడ్డేమీ లేనట్టే.

మెయిల్ వాడని పాత డొమైన్లకు నేరుగా రిజెక్ట్ పెట్టేయొచ్చు. ఒక్క అక్షరం తేడాతో ఎవరో కొన్న డొమైన్‌ను మాత్రం ఇవేవీ ఆపలేవు. ఖాతా మారిందని మెయిల్ వస్తే పాత నంబరుకే ఫోన్ చేసి కనుక్కోమని ఇన్‌వాయిస్ మీదే అచ్చు వేయించండి.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, పలాస, శ్రీకాకుళం జిల్లా