మోసే బరువు చెప్తున్నారు, గుంజే బరువు ఎవరు చెప్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో వచ్చే వాహనాల పేజీని నేను వదలకుండా చదువుతాను. కొత్త కారు వచ్చిందంటే సన్‌రూఫ్ గురించి, టచ్‌స్క్రీన్ గురించి అర పేజీ రాస్తారు. మా ఊళ్లల్లో బతుకుదెరువు కోసం కొనే పికప్ బండి గురించి ఎప్పుడో ఒకసారి నాలుగు లైన్లు వస్తాయి. అందులోనూ మాకు కావలసిన ముఖ్యమైన లెక్క, అంటే వెనక తగిలించి ఎంత బరువు గుంజవచ్చనేది, ఉండదు. దాని గురించే ఈ ఉత్తరం.

నాది కొండమల్లేపల్లి. స్లాబులు పోయించే పని. దేవరకొండ, చందంపేట, నేరేడుగొమ్ము మండలాల తండాల్లో ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల పని బాగా నడుస్తోంది. 400 నుంచి 600 చదరపు అడుగుల ఇల్లు, ఐదు లక్షల సాయం, అదీ విడతల వారీగా. స్లాబు పడితేనే ఇంటివాళ్లకు ఆ విడత పైసలు పడతాయి. అందుకని మేస్త్రీ మాట ఇచ్చిన రోజు మిల్లర్, అంటే కాంక్రీటు కలిపే మిషన్, వాకిట్లో ఉండాలి. ట్రాక్టర్‌తో గుంజుకపోవచ్చు కదా అంటారు. నాట్ల సీజన్‌లో, కోతల సీజన్‌లో కిరాయికి ట్రాక్టర్ దొరకదు. దొరికినా నల్లగొండకు సిమెంటు కోసం, సలాక కోసం, ఇంట్లో ఎవరికైనా బాగాలేక దవాఖానకు పోవడానికి ట్రాక్టర్ పనికిరాదు. రోజూ తిరిగే బండి, మిల్లర్ గుంజే బండి ఒకటే కావాలి నాకు.

రెండు డీజిల్ బండ్లు ఎంచుకున్నాను. ఒకటి మహీంద్రా బొలెరో మాక్స్ పికప్‌లో హెచ్‌డీ రకం, ఇంకొకటి టాటా యోధ. యోధ 2.0 అనేది 2022లో, మాక్స్ పికప్ హెచ్‌డీ 2023లో వచ్చాయి. రెండు టన్నులు మోసే మోడల్ రెండింటిలోనూ ఉంది. మాక్స్ హెచ్‌డీది రెండున్నర లీటర్ల ఇంజిన్, 80 హెచ్‌పీ, 220 ఎన్‌ఎం టార్క్ (చక్రాలను తిప్పే బలం). యోధది 2.2 లీటర్లే, కానీ 100 హెచ్‌పీ, 250 ఎన్‌ఎం. కాగితం మీద చూస్తే బలం యోధకే ఎక్కువ. మాక్స్‌లో పది అడుగుల బాడీ వస్తుంది. సెంట్రింగ్ రేకులు, జాకీలు, బల్లీలు (కర్రలు) వెనక డోర్ దించకుండా పడతాయి. పైగా ఇన్నేళ్లుగా దేశంలో ఎక్కువ అమ్ముడుపోతున్న పికప్ బొలెరోనే కాబట్టి స్పేర్ పార్టు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, దేవరకొండలో ఏ మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పుతాడు.

యోధలో నాకు నచ్చింది క్రూ క్యాబ్, అంటే నాలుగు డోర్ల రకం. దాన్ని తీసుకుంటే బాడీ పొట్టిదవుతుంది, మోసే బరువు కూడా తగ్గుతుంది. అయినా దాని వైపే మనసు పోతోంది. మా పనిలో మనుషులను రేకుల మీద, సిమెంటు బస్తాల మీద కూర్చోబెట్టి తీసుకుపోవడం మామూలైపోయింది. 2018లో మన పాత నల్లగొండ జిల్లాలోనే పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర ఒకటి, వేములకొండ దగ్గర ఇంకొకటి, కూలీలతో పోతున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ వార్తలు మీ పేపర్‌లోనే చదివాను. నా దగ్గర పనిచేసే అక్కలను, తమ్ముళ్లను వెనక ఎక్కించే పద్ధతి నేను మానుకోవాలనుకుంటున్నాను. క్యాబ్‌లో అందరూ పట్టరు, పట్టినంతమంది లోపల కూర్చుంటారు, మిగిలినవాళ్లు ఆటోలో వస్తారు. ఆటో కిరాయి నేనే కడతాను.

ఇక మిల్లర్ సంగతి. కాంక్రీటును పైకి ఎత్తే లిఫ్ట్ ఉన్న మిల్లర్‌ను వేబ్రిడ్జి మీద ఎక్కిస్తే రెండు టన్నులకు దగ్గరగా తూగింది. దానికి బ్రేకులు ఉండవు, వెనక లైట్లూ ఉండవు. షోరూంలలో ఈ బండి ఎంత గుంజుతుంది అని అడిగితే రెండు టన్నులు అని టక్కున చెప్తారు. అది బాడీలో మోసే బరువండీ. ఆ బరువుకు బండి స్ప్రింగులు, టైర్లు, బ్రేకులు సరిపడా లెక్కగట్టి చేస్తారు. వెనక తగిలించిన రెండు టన్నులు అలా కాదు. ఎక్కుడులో క్లచ్ మీద పడుతుంది, దిగుడులో బండినే ముందుకు తోస్తుంది. నేరేడుగొమ్ము దాటి వైజాగ్ కాలనీ వైపు కృష్ణ నీళ్ల దాకా పోయే రోడ్డు చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. అక్కడ దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండాలి, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకూడదు. ఉంచితే బ్రేకులు కాగి పట్టు వదులుతాయి. ఖాళీ బాడీతో మిల్లర్ గుంజితే ఇంకా కష్టం. వెనక చక్రాల మీద బరువు లేక, మిల్లర్ తోసినప్పుడు బండి పక్కకు జారుతుంది. రేకులు వెనక ఇరుసు మీదకు వచ్చేలా సర్దుకుంటే కొంత నయం.

కొక్కెం గురించి కూడా చెప్పాలి. చాలామంది వెనక బంపర్‌కే వెల్డింగ్ పెట్టించి కొక్కెం వేయిస్తారు. బంపర్ గుంజడానికి చేసింది కాదు. కొక్కెం ఛాసిస్‌కు, అంటే బండి కింది ఇనుప చట్రానికి, బోల్టులతో పట్టాలి, ఛాసిస్ మీద ఇష్టమొచ్చినట్టు వెల్డింగ్ చేయకూడదు. గొలుసుతో గుంజడం అన్నింటికంటే ప్రమాదం, బండి ఆగితే మిల్లర్ ఆగదు. గట్టి ఇనుప బార్ ఉండాలి, బార్ ఊడితే పట్టుకోవడానికి పక్కన గొలుసు ఉండాలి. చీకటి పడితే మిల్లర్ వెనక మెరిసే టేపు, లైటు తప్పనిసరి. కొండమల్లేపల్లి నుంచి హైదరాబాద్ పోయే రోడ్డు మీద రాత్రిపూట స్పీడుగా వచ్చే కార్లకు మన నల్లటి మిల్లర్ కనపడదు.

బీఎస్-6, అంటే బండి పొగ మీద పెట్టిన నిబంధన, సంగతి కూడా మీ పేజీలో ఎవరైనా విడమరిచి రాయాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న డీజిల్ బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా, వేడి మీద నడవాలి. మిల్లర్ తగిలించుకుని తండా నుంచి తండాకు మెల్లగా పాకే బండికి ఆ అవకాశం తక్కువ. మీటర్‌లో లైటు వెలిగిందంటే జనానికి టెన్షన్. అది ఎందుకు వెలిగిందో, ఏం చేయాలో అమ్మేటప్పుడే చెప్తే సగం ఖర్చు తప్పుతుంది.

మీ పత్రికను నేను అడిగేది పెద్దదేమీ కాదు. కంపెనీలను మీరు అడిగితే జవాబు వస్తుంది, నాలాంటివాడు అడిగితే చాయ్ ఇచ్చి పంపిస్తారు. ప్రతి పికప్‌కూ బ్రేకులు లేని బరువు ఎంత గుంజవచ్చు, బ్రేకులు ఉన్న ట్రైలర్ అయితే ఎంత, బాడీలో లోడు ఉన్నప్పుడు ఎంత, కొక్కెం ఎక్కడ బిగించాలి, అలా గుంజితే వారంటీ ఉంటుందా పోతుందా, ఇవి అడిగి అచ్చు వేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 61 ప్రకారం ట్రైలర్‌కు కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. రోడ్డు మీద గుంజుకుపోయే మిల్లర్‌కు, కంప్రెషర్‌కు, జనరేటర్‌కు ఏ కాగితాలు కావాలో రవాణా శాఖ వాళ్లతో చెప్పించి వేయండి. ప్రమాదం జరిగిన తర్వాత ఇన్సూరెన్స్ దగ్గర తెలుసుకోవలసిన సంగతులు కావు ఇవి.

నేను యోధ క్రూ క్యాబ్‌కే మొగ్గుతున్నాను. మా మెకానిక్ మాత్రం మాక్స్ తీసుకో, పది అడుగుల బాడీ వదులుకోకు అంటున్నాడు, మా బావమరిది కూడా అదే మాట. ఏది కొన్నా సరే, మిల్లర్ గుంజే బరువును కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇచ్చేదాకా అడ్వాన్స్ కట్టను.

ఇట్లు,
ఒక స్లాబు మేస్త్రీ,
కొండమల్లేపల్లి, నల్లగొండ జిల్లా