బోజాక్ చచ్చిపోతాడనే అన్నారు అందరూ

ఎడిటర్ గారికి నమస్కారం.

సిరీస్‌ల ఆఖరి సీజన్ వచ్చేముందు ఫ్యాన్స్ చెప్పే జోస్యాల మీద మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం బానే ఉంది కానీ, బోజాక్ హార్స్‌మ్యాన్ అనే కార్టూన్ సిరీస్ దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యంలో లాగించేశారు, పైగా కార్టూన్‌కి కూడా ఇంత గొడవేంటన్నట్టు రాశారు, అందుకే ఈ ఉత్తరం. సిరీస్ చూడనివాళ్ళు ఇక్కడే ఆపేయండి, ముగింపు మొత్తం చెప్పేస్తున్నా. (ఎడిటర్ గారూ, ఇది వేస్తే గనక పైన స్పాయిలర్ అని ఒక ముక్క పెట్టండి ప్లీజ్.)

2014లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. బొమ్మలే కదా, కామెడీ అనుకుని కూర్చుంటాం, మొదటి సీజన్ అయ్యేలోపే ఇది వేరే రకం అని అర్థమైపోతుంది. బోజాక్ అని గుర్రం తలకాయున్న ఒక పాత సిట్‌కామ్ (టీవీ కామెడీ) నటుడు, ఎప్పుడో తొంభైల్లో వచ్చిన పేరు మీద ఇంకా బతుకుతూ, తాగుతూ, తనని నమ్మినవాళ్ళని ఒక్కొక్కరినే ముంచుతూ ఉంటాడు. ఆరోది ఆఖరి సీజన్ అన్నారు, దాన్ని మళ్ళీ రెండు ముక్కలు చేసి 8 ఎపిసోడ్లు 2019 అక్టోబర్ 25న, మిగతా 8 ఎపిసోడ్లు 2020 జనవరి 31న వదిలారు. ఆ మధ్య మూడు నెలల్లో పుట్టిన థియరీలు అన్నీ ఇన్నీ కావు.

ఎక్కువమంది చెప్పింది మాత్రం ఒకటే, బోజాక్ నీళ్ళలో మునిగి చస్తాడని. ఊరికే అన్లేదు లెండి. టైటిల్స్‌లో ప్రతిసారీ బాల్కనీ మీంచి వెనక్కి పడి స్విమ్మింగ్ పూల్‌లో మునుగుతాడు, ఇంట్లో గోడ మీదేమో డేవిడ్ హాక్నీ 1972లో వేసిన పూల్ పెయింటింగ్‌కి గుర్రాలతో చేసిన పేరడీ, ఒకటి నీళ్ళలో ఈదుతుంటే ఇంకోటి ఒడ్డున నిలబడి చూస్తుంటుంది, చిన్నప్పుడు వీడు దేవుడిలా కొలిచిన సెక్రటేరియట్ అనే రన్నర్ గుర్రం ఈ సిరీస్ కథలో వంతెన మీంచి దూకి పోతాడు. ఇన్ని కనిపిస్తుంటే ఎవరైనా అదే అంటారు. ఇంకో లెక్క కూడా పట్టుకున్నారు ఫ్యాన్స్, మొదటి అయిదు సీజన్లలోనూ 12 ఎపిసోడ్లుంటే అసలు దెబ్బ ఎప్పుడూ 11వ దాంట్లోనే పడింది (సిట్‌కామ్‌లో వీడి కూతురి వేషం వేసిన సారా లిన్ మూడో సీజన్లో పోయింది అందులోనే), కాబట్టి ఈసారి 15వ ఎపిసోడ్‌లో జరగాల్సింది జరిగిపోయి 16వది నెమ్మదిగా ఉంటుందని. ఆ లెక్క తప్పలేదు. 15వ ఎపిసోడ్ మొత్తం మునుగుతూ వీడు కనే కలలో పోయినవాళ్ళతో కూర్చుని భోంచేయడమే, వాళ్ళమ్మ, పాత స్నేహితుడు హెర్బ్, సారా లిన్, అందరూ, బయట పూల్‌లో తేలుతున్నది వీడే. నీళ్ళు అన్నారు, నీళ్ళే వచ్చాయి.

కానీ వీడు చావలేదు.

నాకు మొదట్నుంచీ ఆ చావు జోస్యం నచ్చేది కాదు, ఎందుకంటే అది చూడ్డానికి క్రూరంగా ఉంటుంది గానీ నిజానికి వీడి మీద జాలితో చెప్పిందే. చచ్చిపోతే ఏముంది, అందరూ ఏడుస్తారు, ఒక అంత్యక్రియల సీను, మంచి పాట, పాపం లోపల మంచోడే అంటారు, అయిపోయింది. బాకీ ఉన్నవాళ్ళ సంగతేంటి? వీడు పూర్తిగా మారిపోయి అందరితో కలిసిపోతాడని రెండోవైపు చెప్పినవాళ్ళదీ అదే వరస, రెండు గుంపులూ వీడి గురించే ఆలోచించాయి తప్ప వీడివల్ల దెబ్బ తిన్నవాళ్ళ గురించి కాదు.

వాళ్ళ గురించి ఆలోచించినవాళ్ళు తక్కువమందే, జోస్యం మాత్రం వాళ్ళదే నిలబడింది. ఆఖరి సీజన్ మొదటి ముక్క ముగిసే 8వ ఎపిసోడ్‌లో బోజాక్ దాదాపు కనపడడు, వీడి చెల్లెలు హాలీహాక్ న్యూయార్క్‌లో ఒక పార్టీకి వెళ్తుంది, అక్కడ పీట్ అనే కుర్రాడు ఎప్పుడో న్యూమెక్సికోలో ప్రామ్ (స్కూలు పిల్లల డాన్స్ పార్టీ) రాత్రి బోజాక్ వల్ల ఏం జరిగిందో చెప్పడం మొదలుపెడతాడు, మరోపక్క ఇద్దరు రిపోర్టర్లు సారా లిన్ చావు గురించి తవ్వుతుంటారు, కట్. అది చూసి కొంతమంది అన్నారు, ఇంక వీడు బతుకుతాడా చస్తాడా అన్నది కాదు ప్రశ్న, ఎవరికి ఏం తెలుస్తుంది, తెలిశాక ఎవరు మిగులుతారు అని. సరిగ్గా అదే జరిగింది. సారా లిన్ స్పృహ తప్పాక అంబులెన్స్‌కి ఫోన్ చేయడానికి బోజాక్ 17 నిమిషాలు ఆగాడని బయటపడింది, తాను అక్కడ లేనట్టు కథ అల్లుకోడానికి.

అది బయటపడిన తీరే నాకు ఈ సిరీస్‌లో అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది, నేను చదివిన థియరీల్లో ఒక్కటి కూడా దాని దగ్గరికి రాలేదు. మొదటి టీవీ ఇంటర్వ్యూ బాగా జరుగుతుంది, జనం కూడా సానుభూతి చూపిస్తారు, అక్కడితో ఆగితే బయటపడిపోయేవాడే. ఆగడు కదా. ఆ మెచ్చుకోలు రుచి తగిలింది, మళ్ళీ కావాలి, తనే కోరి రెండో ఇంటర్వ్యూకి కూర్చుంటాడు, అందులో దొరికిపోతాడు. ఆరు సీజన్లుగా వీడి జబ్బు తాగుడు అనుకున్నాం, దానికంటే పాతది చప్పట్ల మీద యావ. జోస్యాలు చెప్పేవాళ్ళు టైటిల్స్, పెయింటింగ్‌లు, గోడల మీద పోస్టర్లు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఆపి చూస్తారు, మనిషి గుణం మాత్రం ఎప్పట్నుంచో ఎదురుగానే ఉంటే దాన్ని క్లూ కింద లెక్కెయ్యరు.

జైలు కూడా చూడండి. 14 నెలలు పడింది, దేనికి? అమ్మేసిన తన పాత ఇంట్లోకి తాగి దూరినందుకు, కాగితం మీద కారణం అంతే. మిగతావాటన్నిటికీ కలిపి పడ్డట్టుందని వాడే ఒప్పుకుంటాడు. వీడు జైలుకెళ్తాడని ఊహించినవాళ్ళున్నారు, కానీ ఇంత చిల్లర కేసులోనా!

బోజాక్ ఏజెంట్ ప్రిన్సెస్ కారొలిన్ తన అసిస్టెంట్ జూడాని పెళ్ళి చేసుకుంటుందన్నవాళ్ళ మాట నిజమైంది, వాళ్ళకి నా అభినందనలు, నేనైతే నమ్మలేదు. బోజాక్ ఆత్మకథ రాసిపెట్టిన స్నేహితురాలు డయాన్, బోజాక్ ఒకటవుతారని ఆఖరిదాకా ఆశ పెట్టుకున్నవాళ్ళకి మాత్రం గట్టిగానే తగిలింది, ఆమె గై అనే అతన్ని పెళ్ళి చేసుకుని హ్యూస్టన్ వెళ్ళిపోయింది, కారొలిన్ పెళ్ళిరోజు రాత్రి ఇంటికప్పు మీద కూర్చుని ఇద్దరూ మాట్లాడుకుంటుంటే ఇదే వీళ్ళ ఆఖరి మాట అని మనకి తెలిసిపోతుంది. తిట్టుకోలేదు, తలుపులు వేసుకోలేదు, ఇంక కలవరు అంతే. ఇలాంటి ముగింపుని జోస్యం చెప్పడం కుదరదేమో, చెప్పినా ఇంతేనా అంటారు.

ఇప్పటికీ నడుస్తున్న జోస్యం ఒకటుంది. హాలీహాక్ వీడికి ఒక ఉత్తరం రాస్తుంది, వీడు చదువుతాడు, మనకి ఒక్క లైను చూపించరు, ఫోన్ చేస్తే నంబర్ పనిచేయదు. అందులో ఏం రాసిందో ఊహించి, పూర్తి ఉత్తరాలే రాసేసినవాళ్ళున్నారు ఫ్యాన్స్‌లో, కొన్ని బాగా రాశారు కూడా. నేను మాత్రం ఆ పని చేయను. నంబర్ మార్చేసుకున్న పిల్ల ఏం చెప్పిందో ఇంకా వివరంగా కావాలా మనకి?

ఇట్లు,
మీ పేపర్ పాఠకుల్లో ఒకరు