సంపర్కం అనే ఒక్క మాటతో వచ్చిన చిక్కు

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం సంచికలో పోప్ లియో గురించి మీరు వేసిన కథనం చదివాను. వాటికన్ పనితీరు గురించి రాసిన భాగం బాగుంది. అయితే మధ్యలో ఒకచోట, ఆయనకు ముందున్న పోప్ ఫ్రాన్సిస్‌ను "స్వలింగ వివాహాలను ఆమోదించిన పోప్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన అలా ఆమోదించలేదు. నేను ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) చర్చికి వెళ్లేవాణ్ని, ముప్పయ్యేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ని. ఈ ఉత్తరం రాయడానికి రెండో సంగతే ఎక్కువ కారణం.

2023 డిసెంబరు 18న వాటికన్ 'ఫిదూచియా సుప్లికాన్స్' అనే ప్రకటన విడుదల చేసింది. ఒకే లింగానికి చెందిన జంట వచ్చి ఆశీర్వాదం అడిగితే గురువు (ఫాదర్) ఇవ్వవచ్చని అందులో ఉంది. వివాహమంటే స్త్రీ పురుషుల మధ్య జరిగేదేనని, అందులో మార్పేమీ లేదని కూడా ఉంది. ఆ ఆశీర్వాదానికి పూజావిధి అంటూ ఉండకూడదు, పెళ్లిబట్టలు కూడదు, పెళ్లి రిజిస్టరు చేసుకునే సందర్భంలో ఇవ్వకూడదు. గొడవ ముదిరాక జనవరి 4న మరో వివరణ ఇచ్చారు. పది పదిహేను సెకన్లలో అయిపోయే చిన్న ప్రార్థన గురించే చెబుతున్నామన్నారు.

ఆ డిసెంబరులోనే, క్రిస్మస్‌కు ముందు ఆదివారం పూజ అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఏం మాస్టారూ, ఇకనుంచి మన గుళ్లో మగాళ్లకీ మగాళ్లకీ పెళ్లిళ్లు చేస్తారంటగా?" అని అడిగారు. ఆయన చేతిలో ఉన్న పేపర్లో 'పోప్ పచ్చజెండా' అని అంతలావు అక్షరాలు. మా ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లు ఫాదర్ గారి దగ్గరికి తెచ్చి తీర్థం చల్లించుకుంటారు. పరీక్షలకు పోయే పిల్లలు తల వంచి ఆశీర్వాదం తీసుకుంటారు. పెళ్లి సంగతి అలా కాదు. ముందుగా వరుస ఆదివారాల్లో గుళ్లో ప్రకటించాలి, సాక్షులుండాలి, రిజిస్టరులో సంతకాలు పడాలి. ఈ తేడా కతోలికుడైన ఆ పెద్దాయనకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అయినా పెద్దక్షరాలు చూసేసరికి మర్చిపోయాడు.

నిజానికి ఆ ప్రకటన మీద రాయదగిన వార్త ఒకటుంది. ఆశీర్వాదం ఇచ్చినా ఆమోదించినట్టే అవుతుందని శ్రీసభలోనే, అంటే కతోలిక సంఘంలోనే, చాలామంది అభ్యంతరం చెప్పారు. 2024 జనవరిలో ఆఫ్రికా బిషప్పులు తమ ఖండంలో అలాంటి ఆశీర్వాదాలు ఇవ్వబోమని రోముకు తెలియజేసి మరీ ప్రకటించారు. పోపు చెప్పాక బిషప్పులు కాదనడం చిన్న విషయమా? అది మన పేజీల్లో నాకైతే కనపడలేదు.

ఇక తెలుగు మాట దగ్గరికి వస్తాను. మన పత్రికలన్నీ 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. సంపర్కమంటే నిఘంటువులో తాకిడి, సంబంధం. కానీ ఈ సమాసంలో దానికి లైంగిక చర్య అనే అర్థం తప్ప మరొకటి ఎవరికీ తోచదు. శ్రీసభ బోధనలను కూర్చిన కతోలిక సత్యోపదేశ గ్రంథంలో 2357 నుంచి 2359 వరకున్న పేరాలు ఈ విషయం గురించే. ఆకర్షణ ఉండటం ఒకటి, చర్య మరొకటి అన్న విభజన మీదే అవి నిలబడ్డాయి. చర్యను పాపమంటాయి. ఆకర్షణను కూడా క్రమం తప్పినదంటాయి కానీ, పాపమనవు. అలాంటి వారిని గౌరవంతో, దయతో, సున్నితంగా స్వీకరించాలని, అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ చూపకూడదని 2358లో ఉంది. మరి ఎవరినీ ముట్టుకోనివాణ్ని కూడా మనం 'సంపర్కుడు' అనేస్తే ఈ బోధనను తెలుగులో చెప్పడం ఎలా? సమర్థించాలన్నా, తిట్టాలన్నా ముందు చెప్పగలగాలి కదా.

2023 జనవరిలో ఫ్రాన్సిస్ అసోసియేటెడ్ ప్రెస్‌కు స్పానిష్‌లో ఇచ్చిన ఇంటర్వ్యూ చూడండి. స్వలింగ ఆకర్షణ కలిగి ఉండటం నేరం కాదన్నారు. ఆ వెంటనే, "నేరం కాదు, కానీ పాపం కదా" అని ఎవరో అడిగినట్టు తనే అనుకుని, ముందు పాపానికీ నేరానికీ తేడా చూద్దాం అన్నారు. సాటి మనిషి మీద ప్రేమ లేకపోవడమూ పాపమే అన్నారు. కొందరు 'నేరం కాదు' అన్నంతవరకే శీర్షిక చేశారు, కొందరు 'పాపమే' అని చేశారు. తర్వాత ఆయనే ఒక ఫాదర్‌కు రాసిన ఉత్తరంలో, వివాహానికి బయట జరిగే ఏ లైంగిక చర్య అయినా పాపమన్న బోధనే తాను గుర్తుచేశానన్నారు. ఆ లెక్కన పెళ్లికి ముందు కలిసే ఆడా మగా కూడా అందులోకే వస్తారు. ఆ సంగతి హెడ్డింగుకు పనికిరాదేమో!

2013లో రియో నుంచి తిరిగొస్తూ విమానంలో గే అయిన మనిషి గురించి ఫ్రాన్సిస్ అన్న మాటకూ ఇదే గతి పట్టింది. "తీర్పు తీర్చడానికి నేనెవర్ని?" అన్నది లోకమంతా తిరిగింది. 'దేవుణ్ని వెతుకుతూ, మంచి మనసుతో ఉంటే' అన్న ముందు భాగం జారిపోయింది. అదే జవాబులో ఆయన సత్యోపదేశ గ్రంథాన్ని ప్రస్తావించిన సంగతీ జారిపోయింది.

తప్పంతా పత్రికలదే అనను. మా ప్రసంగాల్లోనూ 2357 చదివినంత గట్టిగా 2358 చదవగా నేను విన్నది తక్కువ. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు గుడికి రావడం మానేశాడు. కారణం చాలాకాలానికి చెప్పాడు. జీవితాంతం బ్రహ్మచర్యం పాటించమనడం ఎంత బరువో నాకు తెలుసునని అతనితో అన్నాను. అంతకుమించి ఏం చెప్పాలో తోచలేదు. 'క్రమం తప్పినది' అన్న మాట వేదాంత పరిభాష అని ఎంత వివరించినా, వినేవాడికి జబ్బు అన్నట్టే గుచ్చుకుంటుంది. ఈ బోధన క్రూరమని మీ పత్రికలో ఎవరైనా వ్యాసం రాస్తే వేయండి, నేనూ చదువుతాను. ఉన్న బోధన మీద రాయమనే నా మనవి.

టీవీ చర్చల్లో క్రైస్తవులందరినీ ఒకే గాటన కట్టడం మరో ముచ్చట. స్వలింగ చర్యను నేరంగా చూసిన 377వ సెక్షన్ ఉండాలని కోర్టుకెళ్లిన వాళ్లలో కొన్ని క్రైస్తవ సంఘాలు ఉన్న మాట నిజం. కానీ 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టినప్పుడు, అప్పటి ముంబై ఆర్చ్‌బిషప్ కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్, స్వలింగ వివాహాన్ని తాము ఒప్పుకోమని, అయితే ఆ మనుషులను ఎన్నడూ నేరస్థులుగా చూడలేదని చెప్పారు. 2018 సెప్టెంబరు 6న, అది నేరం కాదని, కోర్టే తన మాట మార్చుకుంది. ఇలాంటివి రాసేముందు మన కార్డినల్ పూల ఆంథోనీ గారు హైదరాబాదులోనే ఉన్నారు, ఆయన కార్యాలయానికి ఒక ఫోను చేస్తే పోయేదేముంది?

ఆదివారం కథనంలోని ఆ వాక్యానికి సవరణ వేయమని కోరుతున్నాను. లోపలి పేజీలో రెండు లైన్లు చాలు. ఇకపై 'సంపర్కులు' బదులు 'స్వలింగ ఆకర్షణ ఉన్నవారు' అనో, వాళ్లు తమను తాము పిలుచుకునే 'గే' అన్న మాటో వాడితే సంతోషిస్తాను. సవరణ వచ్చిన రోజు ఆ ముక్క కత్తిరించి మా గుడి నోటీసు బోర్డుకు అంటిస్తాను. ఆ పెద్దాయన ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ఫిరంగిపురం, గుంటూరు జిల్లా